నదిని అడిగి తెలిసికొనుట

రాజస్థానమున భరత్‌పూరు పట్టణము చెంత ఒక చిత్తడి నేల కలదు. దాని విస్తీర్ణము సుమారు 29 చదరపు కిలోమీటర్లు. భరత్‌పూరు మహారాజులు దానిని బాతుల వేటకై పెంపొందించిరి. గట్లు వేసి, కాలువలు త్రవ్వి, నీరు నిలిపిరి. 1938లో నాటి వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు పాల్గొన్న ఒక్కనాటి వేటలో 4 వేలకు పైగా పక్షులు నేల కూలినట్లు అచ్చటి శిలాఫలకముపై చెక్కియున్నది. కాలము మారినది. వేట ఆగినది. ఆ నేల పక్షుల ఆశ్రయమై, జాతీయోద్యానమై, 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. కేవలాదేవ్ అని దాని పేరు.

ఆ నేలలో చుట్టుపట్ల గ్రామముల గేదెలు తరతరములుగా మేయుచుండెడివి. పక్షులకు విడిచిన చోట గేదెల కేమి పని యని పెద్దలు తలచిరి. 1982 నవంబరులో మేతను నిషేధించిరి. పాడితో బ్రతుకు గ్రామస్థులకు వేరు దారి చూపలేదు. వారు ఎదురు తిరిగిరి; పోలీసులు కాల్పులు జరిపిరి; కొందరు గ్రామస్థులు ప్రాణములు కోల్పోయిరి. నిషేధము నిలిచినది.

తరువాతి కథ వినదగినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాదాపు పదేండ్లు ఆ నేలను పరిశీలించి 1991లో నివేదిక సమర్పించిరి. గేదెలు పోయిన పిమ్మట పాస్పలమ్ అను నీటి గడ్డి, మన అరికెలకు జ్ఞాతి, పట్టపగ్గములు లేక పెరిగి నీటిని కప్పివేసెను. చేపలు తగ్గెను. తెరపి నీటిలో ఈదుచు మేత వెదకికొను పక్షులలో కొన్ని జాతులు తగ్గెను. ఆ గడ్డిని మేసి, త్రొక్కి, నీటిని తెరచి ఉంచినవి గేదెలే. ఏ పక్షుల కొరకు గేదెలను వెడలగొట్టిరో ఆ పక్షులకే అందువలన కీడు కలిగెను. పరిమితముగా మేతను మరల అనుమతించుట మేలని ఆ నివేదిక తెలిపినది.

ఇందు దోషము ఎవరిదని తేల్చుట మా ఉద్దేశము కాదు. నిషేధము కోరినవారు పక్షులపై ప్రేమతోనే కోరిరి. వారి తలంపు నాటి శాస్త్రమునకు విరుద్ధము కాదు. మేము చెప్పదలచినది వేరు. ఆ ఉత్తరువు నిజమునకు ఒక ప్రయోగము. గేదెలు లేకున్న చిత్తడి నేల ఏమగును అను ప్రశ్న అందులో దాగియున్నది. కాని దానిని ప్రశ్నగా ఎవరును ఎంచలేదు. సమాధానము తెలిసినట్లే నడచిరి. ఒక భాగమున మేతను ఉంచి, మరియొక భాగమున మాన్పి, రెండింటిని పోల్చి చూచియుండినచో కొలది ఏండ్లలోనే సత్యము బయటపడి యుండెడిది. ఆ ప్రాణములును నిలిచి యుండెడివేమో!

అడవిని, నదిని, చేపలను, పచ్చికను పాలించునపుడు ప్రతి నిర్ణయమును ఒక ప్రయోగముగా ఎంచవలెనను భావమునకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో కెనడా దేశీయుడైన సి. ఎస్. హోలింగ్ అను జీవావరణ శాస్త్రవేత్త ముఖ్యుడు. ఆ దేశమున న్యూ బ్రన్స్‌విక్ అను రాష్ట్రము కలదు. అచ్చటి స్ప్రూస్, ఫర్ వృక్షములను మొగ్గపురుగు అప్పుడప్పుడు విజృంభించి తినివేయును. 1952 నుండి విమానములతో డి.డి.టి. చల్లుట ఆరంభించిరి. చెట్లు బ్రతికినవి. కాని చెట్లతో పాటు పురుగునకు ఆహారమును మిగిలినది. పూర్వము కొన్నేండ్లు చెలరేగి, తినుటకు లేక తానే తగ్గిపోవు పురుగు, ఇపుడు ఏటేట పొంచియుండ నారంభించెను. మందు మానిన అడవి పోవును; చల్లిన పురుగు పోదు. పాలకులు తాము కట్టిన ముడిలో తామే చిక్కుకొనిరి.

ఇట్టి ఉదాహరణములను పరిశీలించి హోలింగ్, ఆయన సహచరులు 1978లో ఒక గ్రంథము వెలువరించిరి. 1986లో కార్ల్ వాల్టర్స్ మరియొకటి వ్రాసెను. ఆంగ్లమున దీనిని అడాప్టివ్ మేనేజ్‌మెంట్ అందురు; మనము ‘నేర్చుకొనుచు నడపుట’ అనవచ్చును. ప్రకృతిని ముందుగా పూర్తిగా ఎరుగుట సాధ్యము కాదు. ఎరిగినంత వరకు చేతులు కట్టుకొని కూర్చుండుటయు సాధ్యము కాదు. కావున ఏమి జరుగునని తలచుచున్నామో ముందే వ్రాసికొనవలెను. పిదప పనిచేసి, ఫలితమును కొలువవలెను. తలచినది జరుగనిచో తలంపును మార్చుకొనవలెను. దీని సారమంతయు ఇదియే. వినుటకు సులువు. ఆచరణమున ఎంత కష్టమో తెలియవలెనన్న అమెరికా దేశమున కొలరాడో నది కథ వినవలెను.

కొలరాడో యన స్పానిష్ భాషలో ఎఱ్ఱనిది అని అర్థము. రాకీ పర్వతములలో పుట్టి, ఎఱ్ఱమట్టిని మోసికొని వచ్చుటచే ఆ పేరు వచ్చినది. ఆ నదియే యుగయుగములుగా రాతిని కోసి గ్రాండ్ కాన్యన్ అను మహాగర్తమును తొలిచినది. గర్తము పొడవు 446 కిలోమీటర్లు. లోతు చాలచోట్ల మైలుకు తక్కువ కాదు. వేసవి తొలినాళ్లలో కొండలపై మంచు కరిగి వరద వచ్చెడిది. అప్పుడు 80 వేల క్యూసెక్కులకు మించిన ప్రవాహము, అనగా సెకనుకు 80 వేల ఘనపుటడుగుల నీరు, ఆ లోయలో పరుగిడుట అరుదు కాదు. వరద తగ్గిన పిదప ఒడ్డున ఇసుక తిన్నెలు మిగిలెడివి. నీరు చలికాలమున మంచువలె చల్లగా, వేసవిలో వెచ్చగా ఉండెడిది. ఆ బురదకు, ఆ వరదకు, ఆ వేడి చలికి తగినట్లు 8 జాతుల చేపలు అచ్చట బ్రతికెడివి. వానిలో మూపుగల చబ్ అను చేప చిత్రమైనది. తలవెనుక ఎద్దు మూపురము వంటి ఎత్తు దానికి గుర్తు.

మన కృష్ణపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిరి. మరుసటి సంవత్సరము, 1956 అక్టోబరులో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మీట నొక్కగా గ్లెన్ కాన్యన్ ఆనకట్ట పని ఆరంభమైనది. ఆ దశాబ్దము ఆనకట్టల దశాబ్దము. కరవును, చీకటిని జయింపవలెనను ఆశ రెండు దేశములందును ఒక్కటే. 710 అడుగుల ఎత్తున లేచిన ఆ కట్టడము వెనుక 1963 మార్చి నుండి నీరు నిలువజొచ్చెను. పవెల్ జలాశయము నిండుటకు 17 ఏండ్లు పట్టినది.

దిగువ నది రూపు మారిపోయెను. గోదావరి, కృష్ణ డెల్టాల రైతునకు ఒండ్రు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఒండ్రు, ఆ ఇసుక జలాశయపు అడుగున చిక్కుకొనెను. గర్తములో ప్రవేశించు చోట పూర్వపు ఇసుకలో నూటికి 90 పాళ్లకు పైగా ఆగిపోయినది. జలాశయపు లోతు నుండి వచ్చు నీరు ఏడాది పొడవున చల్లగా, గాజువలె తేటగా పారసాగెను. నగరములకు విద్యుత్తు కావలసిన వేళ నది ఉబ్బును. అక్కర తీరిన వేళ ఇంకును. ఒక్క దినములోనే నీటిమట్టము పలు అడుగులు లేచి పడుచుండెను. ఇసుక తిన్నెలు కరిగిపోయెను. స్థానిక చేపలలో మూడు జాతులు ఆ గర్తము నుండి కనుమరుగైనవి. చల్లని తేట నీటికి తగిన ట్రౌట్ చేపలను గాలము వేయువారి వినోదమునకై తెచ్చి విడువగా అవి వృద్ధి పొందెను.

ప్రజలలో కలవరము పెరిగి 1982లో పరిశోధనలు ఆరంభమైనవి. 1992లో అమెరికా శాసనసభ గ్రాండ్ కాన్యన్ పరిరక్షణ చట్టము చేసినది. ఆనకట్టను నడపునపుడు దిగువనున్న ప్రకృతిని కాపాడవలెనని దాని ఆజ్ఞ. ఎట్లు కాపాడవలెనో చట్టము చెప్పలేదు, చెప్పజాలదు. శాస్త్రవేత్తల తలంపు ఇది: నది అడుగున ఉపనదులు తెచ్చిన ఇసుక ఏండ్ల తరబడి పేరుకొని యుండును, పెద్ద వరద వచ్చిన అది లేచి ఒడ్డున పడును. వరదను ఆనకట్ట ఆపినది గదా, ఆనకట్టయే వరదను ఈయరాదా?

1996 మార్చి 26న దేశాంతరంగ వ్యవహారముల మంత్రి బ్రూస్ బాబిట్ స్వయముగా కవాటములను తెరచెను. 45 వేల క్యూసెక్కుల ప్రవాహమును 7 దినములు విడిచిరి. యంత్రములను త్రిప్పక ప్రక్క గొట్టముల గుండ పోయిన నీటి వలన సుమారు 25 లక్షల డాలర్ల విద్యుదాదాయము నష్టమైనది. గర్తము పొడవున శాస్త్రజ్ఞులు కొలతల పరికరములతో కాచుకొని యుండిరి. వరద తీసిన పిదప చూడగా క్రొత్త ఇసుక తిన్నెలు వెలసియుండెను. పత్రికలు జయము జయమని వ్రాసెను.

కాని కొలతలు వేరు కథ చెప్పెను. తిన్నెలకు చేరిన ఇసుకలో అధికభాగము నది అడుగు నుండి వచ్చినది కాదు. ఎగువ నున్న పాత తిన్నెల క్రింది భాగములు కోసికొనిపోయి దిగువ తిన్నెలకు ఎత్తుగా చేరినది. ఒక జేబులోని పైకము మరియొక జేబులో వేసినట్లైనది. ఉపనదులు తెచ్చు ఇసుక ఏండ్ల తరబడి నిలువ యుండదనియు, కొలది వారములలో, నెలలలో దిగువకు కొట్టుకొని పోవుననియు తేలినది. తిన్నెలు చాలవరకు తొలి దినములలోనే ఏర్పడినవి. 7 దినముల వరద అవసరమే లేదు. మొదటి తలంపు తప్పు. తప్పని తెలియుటయే ఆ వరద ఇచ్చిన పెద్ద ఫలమని మేము తలంతుము. కొలువనిచో జయఘోషలే చరిత్రలో నిలిచి, ప్రతిసారియు పాత తిన్నెలనే కోసికొనుచు పోయియుందురు.

రెండవ తలంపు సిద్ధమైనది. పేరియా అను ఉపనది వానకాలమున ఇసుక తెచ్చిన వెంటనే, అది కొట్టుకొని పోకముందే వరద విడువవలెను. 2004 నవంబరులో 41 వేల క్యూసెక్కులు 60 గంటలు విడిచిరి. ఇసుక నిండుగా నున్న ఎగువ భాగమున ఫలితము 1996 కంటె మెరుగు. దిగువన ఇసుక చాలలేదు. 2008 మార్చిలో ఇసుక సమృద్ధిగా ఉన్న సమయము చూచి మరల విడిచిరి. తిన్నెలు బాగుగ పెరిగినవి. కాని ఆ వసంతపు వరద రాళ్లను కడిగి పురుగులను వృద్ధి చేయగా, వానిని తిని ట్రౌట్ చేపలు విపరీతముగా పెరిగెను. అవి దిగువకు పోయి మూపుచేప పిల్లలను తినును. ఇసుకకు మేలైనది చేపకు కీడైనది. 2012లో ఇసుక వచ్చినప్పుడెల్ల వరద విడుచుటకు ఒక పద్ధతి ఏర్పరచి, ఆ సంవత్సరము మొదలు 2018 లోపల ఐదు మారులు, అన్నియు నవంబరు మాసములోనే, ఆ పని చేసిరి.

ట్రౌట్ చేపల విషయమున మరియొక ప్రయోగము జరిగినది. 2003 నుండి 2006 వరకు, మూపుచేపలు గ్రుడ్లు పెట్టు లిటిల్ కొలరాడో సంగమము వద్ద విద్యుత్తుతో ట్రౌట్‌లను స్తంభింపజేసి పట్టి తొలగించిరి. సుమారు 20 వేల ట్రౌట్‌లు తీసిరి. మూపుచేపలు పెరిగినవి. ప్రయోగము ఫలించినదని చెప్పుటకు అడ్డేమున్నది? రెండు అడ్డులు కలవు. ఆ సంవత్సరములలోనే కరవు వలన జలాశయము తగ్గి, వదలు నీరు కొంత వెచ్చబడినది. మూపుచేపలకు వెచ్చని నీరు హితము. మరియు, ఎవరును చేయిపెట్టక పోల్చుటకై విడిచిన ఎగువ భాగమునను ట్రౌట్‌లు తగ్గినవి. మేలు చేసినది మనుష్యుడో, కరవో తేల్చుట శాస్త్రజ్ఞులకు సాధ్యము కాలేదు. ఆ మాటను వారు దాచక ప్రకటించిరి. పోల్చుటకు విడిచిన ఆ భాగము లేకున్న, కీర్తియంతయు తమదే యని వారు నమ్మియుందురు.

రెండవ అడ్డు శాస్త్రమునకు చెందినది కాదు. జూనీ అను ఆదివాసుల సంప్రదాయము ప్రకారము తమ పూర్వులు ఆ గర్తము నుండియే వెలువడిరి. నీటిలోని ప్రాణులు తమకు బంధువులు. పవిత్రమైన సంగమమున వేలకొలది ప్రాణులను చంపుట తమకు దుఃఖకరమని వారు నివేదించిరి. 1997 నుండి ఈ నదిని గూర్చి సలహా చెప్పుటకు ఒక మండలి కలదు. అందు ఏడు రాష్ట్రముల ప్రతినిధులు, విద్యుత్తు కొనువారు, ప్రకృతి ప్రేమికులు, గాలము వేయువారు, పడవలు నడపువారు, ప్రభుత్వ శాఖలవారు, ఆదివాసి తెగలవారు ఒక్క బల్ల చుట్టు కూర్చుందురు. జూనీల మాటను అచ్చట విని, చంపక సజీవముగా తరలించు మార్గములు వెదకిరి. భరత్‌పూరు గ్రామస్థులకు 1982లో ఇట్టి బల్ల ఒకటి లేకపోయెను గదా యని మాకు తోచుచున్నది.

మూపుచేప స్థితి మెరుగుపడి, 2021లో ‘అంతరించు ప్రమాదమున నున్నది’ అను వర్గము నుండి దానికంటె తక్కువ ప్రమాదపు వర్గమునకు మార్చబడినది. అంతటితో కథ సుఖాంతము కాలేదు. కరవుచే జలాశయము మరింత తగ్గగా, పై మట్టపు వెచ్చని నీటితో స్మాల్‌మౌత్ బాస్ అను మాంసభక్షక చేప ఆనకట్ట దాటి వచ్చి, 2022 నుండి దిగువన పిల్లలను పెట్టుచున్నట్లు కనుగొనిరి. 2023 ఏప్రిలులో మరల ఒక వరద విడిచిరి. అటుపిమ్మట తనిఖీ చేయగా ప్రక్క గొట్టముల లోపలి భాగము దెబ్బతిన్నట్లు తేలినది. జలాశయము అంత తక్కువ మట్టమున ఉండగా ఆ గొట్టములను వాడుటలోని చిక్కు అట్లు తెలియవచ్చినది. 2024 వేసవిలో బాస్ చేపల సంతతిని అడ్డుటకు చల్లని నీరు విడుచు మరియొక ప్రయోగము జరిగినది. నది మారుచున్నది, ప్రశ్నలును మారుచున్నవి.

ఇంతటి ధనము, ఇందరు శాస్త్రజ్ఞులు ఉన్నచోట ఇది చెల్లును గాని, మనకెట్లు చెల్లునని పాఠకులు అడుగవచ్చును. అందుకు తెలుగు నేలయే సమాధానము చెప్పినది. అనంతపురము, మహబూబ్‌నగర్, నల్లగొండ మొదలగు ఏడు కరవు జిల్లాలలో, ఆరు వందలకు పైగా గ్రామములలో, 2003 నుండి కొన్నేండ్లు భూగర్భజలములను రైతులే చూచుకొను ఒక పథకము నడచినది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. ఊరిలో వానమాపకము ఉంచిరి. ఎంచుకొన్న బోరుబావులలో నీటిమట్టమును రైతులే, స్త్రీలును పురుషులును, నియమముగా కొలిచి పుస్తకమున వ్రాసిరి. ఊరి గోడపై అందరికిని కనబడునట్లు అంకెలు వేసిరి. రబీకి ముందు అందరు కూడి, ఈ ఏడు భూమిలో ఎంత నీరు చేరినది, ఏ పైరుకు ఎంత నీరు కావలెను అని లెక్క కట్టెడివారు. వరి ఎంత వేయవలెను, ఆరుతడి పైరులు ఎంత వేయవలెను అని ఎవరికి వారు నిశ్చయించుకొనెడివారు. శాసనము లేదు, జరిమానా లేదు. ఏటి చివర లెక్కను, జరిగిన దానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనెడివారు.

కొలరాడో గర్తమున మంత్రి కవాటములు తెరచి చేసిన పనియు, మన పల్లెలో తాడు కట్టిన కొలబద్దను బోరులోనికి దింపి రైతు చేసిన పనియు స్వభావమున ఒక్కటే. ముందు తన తలంపును అందరి యెదుట చెప్పుట, పిదప కొలుచుట, తప్పిన ఒప్పుకొనుట. ఈ మూడింటిలో మూడవదియే కష్టము. ఉత్తరువు నిచ్చిన అధికారికి, సలహా నిచ్చిన పండితునికి, ఇరువురికిని అది కష్టమే. కేవలాదేవ్ చిత్తడి నేలలో గడ్డి కోసికొని పోవుటకు పిమ్మట గ్రామస్థులకు అనుమతి నిచ్చిరి. కొడవళ్లతో వారు నీటి అంచున గడ్డి కోసిరి. గేదెలు మేసిన గడ్డియే అది. అది తెలియుటకు పట్టిన కాలము, చెల్లించిన మూల్యము మాత్రము మరల రావు.